పిండాల సర్వే

సర్వే అంటే పొలం కొలిచేది కాదు

ముప్పై ఒక్క ఏళ్లు జనాన్ని ప్రశ్నలడిగి బతికాను. కాపురం నరసరావుపేటలో, తిరుగుడు మాచర్ల నుంచి చిలకలూరిపేట దాకా. తలనూనె మీద అడిగాను, దోమల బత్తి మీద అడిగాను, ఓటు మీద, మరుగుదొడ్ల మీద, చివరికి మనశ్శాంతి మీద కూడా అడిగాను. మనశ్శాంతి గురించి అడిగినప్పుడే ఎక్కువమంది కొట్టడానికి వచ్చారు.

మా వైపు సర్వే అంటే పొలం కొలవడమే. నా మెడలో గుర్తింపు కార్డు కనిపించగానే లోపలికి పోయి పాస్‌బుక్కు పట్టుకొచ్చేవాళ్లు. నేను షాంపూ సంగతి అడగబోతే వాళ్లు పక్క చేనువాడు గట్టు జరిపిన సంగతి మొదలుపెట్టేవాళ్లు. ముందు ఆ గట్టు తగాదా పూర్తిగా వినాలి. ఆ తరవాతే షాంపూ. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేనిచ్చే మొదటి సలహా ఇదే. రెండో సలహా, కుక్క ఉన్న ఇంటికి ట్యాబ్ ముందు పెట్టుకుని వెళ్లమని. చాలా కుక్కలు ముందు దాన్నే కరుస్తాయి.

నాకు జీతం ఎప్పుడు పెరిగింది, సూపర్‌వైజర్ ఎప్పుడయ్యాను లాంటివి ఇక్కడ రాయను. నాకు పని నేర్పింది నా ఆఖరి సర్వే. రిటైరయ్యే ముందు పని నేర్చుకోవడం సిగ్గుచేటే, కానీ నిజం అది. ఆ సర్వేలో గురజాల దగ్గర ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను. మొదటి మూడుసార్లూ తప్పు చేశాను. నాలుగోసారి ఆ ఇంటివాళ్లే నాకు ప్రశ్న ఎలా అడగాలో చూపించారు.

హైదరాబాదు నుంచి వచ్చిన మాట

మా బాసు వినయ్ గారు హైదరాబాదులో ఉండేవారు. వయసులో నాకు సగం. మంచి మనిషే, కానీ ఏ ఊళ్లోనూ అరుగు మీద కూర్చోలేదు. ఏ సంగతైనా అంకెలుగా మారాక ఆయనకు ప్రేమ పుట్టేది.

ఆయన పంపిన సర్వే విషయం ఇది. పిల్లలు లేని దంపతులకు ఆస్పత్రిలో గాజు గిన్నెలో అండాన్నీ వీర్యకణాన్నీ కలిపి, కొద్దిరోజులు పెంచి, తల్లి కడుపులో పెడతారు. పెట్టగా మిగిలినవాటిని గడ్డకట్టించి దాస్తారు. అలా దాచినవాటిలోంచి మూలకణాలు తీసి, మొండిరోగాలకు మందు కనిపెట్టగలమా అని శాస్త్రజ్ఞులు చూస్తున్నారు. కణాలు తీశాక అది ఇక బిడ్డ అయ్యే అవకాశం లేదు. ఇది తప్పా, ఒప్పా? పల్నాడు జనం ఏమనుకుంటున్నారు? అదీ మేం తెలుసుకురావలసింది.

ఇంగ్లీషులో ప్రశ్నలు బాగానే ఉన్నాయి. తెలుగులోకి వచ్చేసరికి ఆ గాజు గిన్నెలోదానికి 'పిండం' అని పెట్టారు.

నేను ఫోన్ చేశాను. "సార్, పిండం అంటే మా వైపు వేరే అర్థం కూడా ఉందండి" అన్నాను.

"నిఘంటువు చూసే పెట్టాం. మొదటి అర్థం ఇదే. సందర్భాన్ని బట్టి వాళ్లకే అర్థమవుతుంది" అన్నారాయన.

నేను సరేనన్నాను. తప్పని తెలిసీ సరేననడం మా వృత్తిలో అందరికీ వచ్చిన విద్య. దాన్ని అణకువ అనుకునేవాణ్ని. ఇప్పుడైతే బద్ధకం అంటాను.

కాకి ముట్టని కేసులు

నాతో పాటు పనిచేసిన మస్తాన్ నా వయసువాడే, సత్తెనపల్లి మనిషి. మొదటిరోజు ఇద్దరం చెరొక బజారు పట్టుకున్నాం. నాకు మొదట దొరికింది ఒక పెద్దరైతు. ప్రశ్న చదివాను.

"చికిత్స తరవాత మిగిలిపోయిన పిండాలను పరిశోధనకు ఇవ్వడం మీకు సమ్మతమేనా?"

ఆయన చుట్ట ఆర్పి కుదురుగా కూర్చున్నాడు. "చికిత్స చేసినా దక్కలేదన్నమాట పాపం. అయినా పిండాలు మిగలడమేందయ్యా? కాకి ముట్టకపోతేగా మిగిలేది?"

నేను ప్రశ్న మళ్లీ చదివాను. వివరించకూడదు, ఉన్నదున్నట్టు మళ్లీ చదవాలి, అది నియమం.

"చెయ్యాల్సిందే పరిశోధన!" అన్నాడాయన. "మా నాయన పెద్దకర్మకి మూడు గంటలు నిలబెట్టినయ్ కాకులు. గారెలన్నాం, పులిహోరన్నాం, పొలం అమ్మమని ఒట్టేశాం. ముట్టలా. కారణమేందో ఎవరో ఒకరు తేల్చాలిగా. రాసుకో, నాకు సమ్మతం."

ఆ ఊళ్లో సమ్మతం కానివాడు లేడు. కాకులు తగ్గిపోయాయనీ, సెల్ టవర్లే కారణమనీ, పరిశోధన అక్కడ మొదలుపెట్టాలనీ చెప్పారు. మిగిలినవాటిని ఆవుకు పెట్టవచ్చని కొందరు, కృష్ణలోనే కలపాలని కొందరు పట్టుబట్టారు. 'మూలకణాలు' అన్న మాట రాగానే ఒకాయన నన్ను పక్కకు తీసుకుపోయి, తనకున్నది మూలశంకేననీ, ఉచిత క్యాంపు ఎప్పుడు పెడతారనీ గుసగుసగా అడిగాడు.

ఏడో ప్రశ్న, "పిండానికి ప్రాణం ఉంటుందని మీరు భావిస్తున్నారా?"

"ప్రాణం పోయినాకేగా పిండం పెట్టేది!" అందొక ముసలామె. నా తెలివి మీద ఆమెకు అప్పటికే అనుమానం వచ్చింది.

ఎనిమిదో ప్రశ్న, "ఎన్నో రోజు నుంచి పిండాన్ని మనిషితో సమానంగా చూడాలి?" అందరూ ఒక్క క్షణం ఆలోచించకుండా పదో రోజన్నారు. కొన్ని ఇళ్లలో పదకొండు.

మస్తాన్‌కు ఇంతకన్నా ఘోరమైన అనుభవం ఎదురైంది. కాస్త చెవుడున్న ఒకామె అతను 'పిండం' అనగానే తిట్టాడనుకుంది. "నీ పిండాకూడు కాకులకు పెట్టా, నాకే పిండం పెడతావురా!" అని కళ్లాపి బకెట్టు ఎత్తి పోసింది. సాయంత్రం బస్టాండులో చొక్కా పిండుకుంటూ, "అన్నా, ఈ మాట మార్చకపోతే నేను రేపు రాను" అన్నాడు.

మొదటి వారం లెక్కలు చూసి హైదరాబాదులో పండగ చేసుకున్నారు. వినయ్ గారు ఫోన్ చేశారు. "అద్భుతం! పల్నాడులో ఇంత శాస్త్రీయ దృక్పథమా? గిన్నెలో పద్నాలుగు రోజులకు మించి పెంచకూడదన్న హద్దు గురించి ప్రపంచంలో శాస్త్రజ్ఞులు వాదించుకుంటున్నారు. మీ రైతులు చూశారా, పది, పదకొండు అంటున్నారు. ఎంత దగ్గరగా వచ్చారు!"

అర్థమే తప్పని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అంతా విన్నారాయన. తరవాత, "అయితే ఆ పది రోజులు..." అని ఆగి ఫోన్ పెట్టేశారు.

గురజాల దగ్గర ఇల్లు

పిండం అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకున్న ఇల్లు ఆ వారంలో ఒకే ఒక్కటి. నేను గమనించనిది కూడా ఆ ఒక్క ఇంటినే.

కోటేశ్వరరావుకు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. అందరూ కోటి అంటారు. తల్లి అంజమ్మ, భార్య శ్రీలక్ష్మి, నాలుగేళ్ల పాప. నాకు తరవాత తెలిసిన సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మీరు నాకంటే ముందుండటం మంచిది. ఆ పాప గుంటూరులో ఒక ఆస్పత్రిలో గాజు గిన్నె దారినే పుట్టింది. ఇంకో మూడు ఆ ఆస్పత్రి ఫ్రీజరులోనే ఉన్నాయి. పాపను కన్నప్పుడు శ్రీలక్ష్మి ప్రాణం మీదికి వచ్చింది, మళ్లీ కనవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆస్పత్రి నుంచి ఇంగ్లీషులో ఒక ఫారం వచ్చింది. ఇంకా దాచిపెట్టమంటారా, వదిలేయమంటారా, పరిశోధనకు ఇస్తారా? నెల లోపల భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి పంపాలి. నేను వాళ్ల అరుగు మీద కూర్చుని నా ప్రశ్న చదివిన రోజుకు, ఆ ఫారం వచ్చి మూడు రోజులైంది. టీవీ మీద దేవుడి పటం కింద మడిచి పెట్టి ఉంది.

నేను ప్రశ్న చదవగానే అరుగు మీద మాట పడిపోయింది. నాకు మర్యాదగా ఉన్నారనిపించింది.

కోటి గొంతు సవరించుకున్నాడు. "మిగిలినయ్యి ఎందుకు బాబాయ్ దాచుకోవడం? వదిలేస్తే పోయిద్ది."

"నువ్వు వదిలేస్తావు. ఆ చలిలో వాళ్లేమైపోతన్నారో ఎవరికి పట్టింది?" అంది అంజమ్మ.

"చలేందమ్మా, అయ్యి ఆడ బాగానే ఉన్నయ్."

"ఉన్నారులే. మొన్న కరెంటు పోయినప్పుడు నాకు నిద్ర పట్టలా."

గురజాలలో కరెంటు పోతే గుంటూరులో ఫ్రీజరు ఆగదు కదా అని నాకు తట్టలేదు, ఎందుకంటే వాళ్లు దేని గురించి మాట్లాడుతున్నారో నాకు తట్టలేదు. ఇదీ కాకుల కేసే అనుకున్నాను. గుమ్మంలో నిలబడిన కోడలి వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మాయ్?" అని అడిగాను.

శ్రీలక్ష్మి తలుపు రెక్క పట్టుకుని నా ట్యాబ్ వైపు చూసింది. ఏమీ అనలేదు. నేను పది దాకా లెక్కపెట్టి తొమ్మిది నొక్కాను. మా సర్వేల్లో తొమ్మిది అంటే 'తెలియదు, చెప్పలేను'.

నా ఉద్యోగ జీవితంలో ఆడవాళ్ల పేరు మీద ఎన్ని తొమ్మిదులు నొక్కానో ఇప్పుడు తలచుకుంటే నామీద నాకే రోత పుడుతుంది. మాట్లాడనివాళ్లకు అభిప్రాయం లేదని ఎవరు చెప్పారు నాకు? నా తొందరే చెప్పింది. బస్సు టైమవుతుందన్న సంగతి చెప్పింది.

భ్రూణం

వినయ్ గారు మాట మార్చారు. 'పిండం' బదులు 'భ్రూణం'. అదే ఇళ్లకు మళ్లీ వెళ్లి మళ్లీ అడగమన్నారు. ఈసారి ఎవరికీ వేరే అర్థం తోచదని హామీ ఇచ్చారు.

నిజమే, వేరే అర్థం తోచలేదు. ఉన్న అర్థమే కొంప ముంచింది. మా జనం ఆ మాటను జీవితంలో ఒకేచోట చూస్తారు. స్కానింగ్ సెంటర్ గోడ మీద, ఎర్ర అక్షరాలతో, చివర 'నేరం', 'జైలు' అన్న మాటలతో.

"చికిత్స తరవాత మిగిలిపోయిన భ్రూణా..." అనేలోపే తలుపులు పడేవి. నన్ను చూసి మాచర్ల దగ్గర ఒక ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు పెరటి గోడ దూకి పోయాడు. అతను ఏ తప్పూ చేయలేదని తరవాత తెలిసింది. ఊరికే అలవాటు కొద్దీ దూకాడట. ఊరి పెద్దమనిషి నాకు గోలీసోడా తెప్పించి, "మా ఊళ్లో అట్టాంటి పనులు ఎవరూ చెయ్యరు సార్. రాసుకోండి. మా ఊళ్లో అసలు స్కానింగే చేయించుకోరు" అన్నాడు. ఆయన వెనకే కోడలు కడుపు మీద చెయ్యి పెట్టుకుని స్కానింగ్ కవరుతో నిలబడి ఉంది.

కాకి మీద పరిశోధన కోరిన పెద్దరైతు నన్ను చూసి దణ్ణం పెట్టాడు. "మేం దానికి పూర్తి వ్యతిరేకం. అది మహాపాపం. పోయినవారం నేనేమన్నా అని ఉంటే కొట్టెయ్యి అబ్బాయ్."

అదే ఊరు, అదే అరుగు, అదే మనిషి. వారం కిందట అందరూ సమ్మతం, ఇప్పుడు అందరూ వ్యతిరేకం. వినయ్ గారు కంగారుగా ఫోన్ చేశారు. "ఒక్క వారంలో ప్రజాభిప్రాయం తలకిందులైందే! టీవీలో ఏమన్నా చర్చ జరిగిందా?"

"మాట మారింది సార్" అన్నాను.

"అంత మాత్రానికే?"

ఇది రాసిపెట్టుకోండి. మనం జనం అభిప్రాయం కొలుస్తున్నామనుకుంటాం. చాలాసార్లు మనం అడిగిన మాటకు వాళ్లు ఉలిక్కిపడ్డారా, నవ్వారా అన్నదే కొలుస్తాం.

ఆ రెండో విడతలో కోటి ఇంటికీ వెళ్లాను. కోటి పనిలో ఉన్నాడు. భ్రూణం అన్న మాట వినగానే అంజమ్మ, "నేరమంట గదా అన్నయ్యా? అయితే ఉంచాల్సిందే. మావాడికి గట్టిగా చెప్పిపో" అని సంబరపడింది. నేను లేస్తుంటే శ్రీలక్ష్మి వాకిలి దాకా వచ్చింది.

"బాబాయ్, మీకు ఇంగ్లీషు ఫారాలు చదవడం వచ్చా?"

"వచ్చమ్మా. ఏం ఫారం?"

ఆమె వెనక్కి తిరిగి అత్తను చూసి తగ్గింది. "ఏం లేదులే. ఇంకోసారి."

ఇంకోసారి ఎప్పుడని అడగాలి. అడగలేదు. నా దగ్గర ఆ రోజుకు ఇంకా ఆరు ఇళ్లు మిగిలి ఉన్నాయి. అప్పటికి ఆ ఇంట్లో ఫారం గడువు సగం అయిపోయింది.

నారు అని నేను చూపిన తెలివి

ఈసారి నేనే తెలివి చూపించాను. హైదరాబాదుకు చెప్పకుండా, ప్రశ్న నా సొంత మాటల్లో అడగడం మొదలుపెట్టాను. మా వృత్తిలో దానికంటే పెద్ద నేరం లేదు.

మా వైపు మిరప వేసేవాడికి నారు సంగతి చెప్పనక్కర్లేదు. నారు పోస్తారు, పొలంలో నాటుతారు, కొంత మిగులుతుంది. మిగిలిన నారు ఏం చేయాలన్నది ప్రతి ఇంట్లో వచ్చే ప్రశ్నే. నేను ఇలా అడిగాను. "బిడ్డల కోసం ఆస్పత్రిలో గిన్నెలో నారు పోస్తారు. కడుపులో ఒకటి నాటుతారు. మిగిలిన నారు ఎండబెట్టాలా, పరిశోధన చేసేవాళ్లకు ఇవ్వాలా?"

చెబితే నమ్మరు, జనానికి చప్పున అర్థమైంది. "ఎండబెట్టడం దేనికి? ఇస్తే పోలా" అన్నారు అందరూ. పెద్దరైతు మూడోసారి కూడా ఓపిగ్గా కూర్చుని, "ఈ ముక్క మొదటే చెప్పి ఏడవచ్చుగా. నన్ను రెండుసార్లు అబద్ధాలకోరుని చేశావు" అని కసిరాడు. మస్తాన్ మెచ్చుకున్నాడు. నాకు గర్వం తలకెక్కింది. రిటైరయ్యాక ఈ నారు పద్ధతి మీద పాఠాలు చెబుదామనుకున్నాను.

ఆ గర్వంతోనే కోటి ఇంటికి మూడోసారి వెళ్లాను. అంజమ్మ పాపను తీసుకుని అంగన్‌వాడీకి పోయింది. కోటి యూనిట్‌లో రాళ్లు దించుకుంటున్నాడు. శ్రీలక్ష్మి ఒక్కతే ఉంది, ఎండుమిర్చి తొడిమలు తీస్తోంది. నా నారు ప్రశ్న చెప్పాను.

ఆమె మొత్తం విని, ఇంకో నాలుగు కాయలకు తొడిమ తీసి, అప్పుడు మాట్లాడింది.

"నారుమడి కాడికి పోయి ఎవరన్నా ఏడుస్తారా బాబాయ్?"

నేను ట్యాబ్ పక్కన పెట్టాను.

"అట్టా చెప్తే ఎవరైనా ఇచ్చేస్తామనే అంటారు. మీరు ఏ జవాబు కావాలనుకున్నారో ఆ మాట వాడారు." ఆమె గొంతులో కోపం లేదు. "మావి గుంటూరులో ఉన్నయ్. ఫారం వచ్చింది. ఇంక ఆరు రోజులే ఉంది. ఆయనొకటి అంటాడు, అత్తొకటి అంటది. నన్ను మాత్రం ఇంట్లో ఎవరూ అడగలా. మీరే అడిగారు, మీ మిషన్లో ఏదో నొక్కుకుని పోయారు."

అప్పుడు నాకు అర్థమైంది ఆ తొమ్మిది ఏమిటో. మొదటిరోజు అరుగు మీద ఎందుకు మాట పడిపోయిందో, కరెంటు పోతే అంజమ్మకు నిద్ర ఎందుకు పట్టలేదో కూడా. చెంపదెబ్బ తిన్నట్టయింది.

"ఫారం తీసుకురా అమ్మాయ్, చదువుతాను" అన్నాను.

"ఇప్పుడు కాదు. ఆదివారం రండి, అందరూ ఉంటారు. అందరి ముందూ చదవండి."

ఫారం చదివిన రోజు

ఆదివారం పొద్దున్నే నడికుడి వైపు పోయే బస్సెక్కాను. దారంతా ఒకటే బెంగ. ఈ ఫారంలో ఆ ఇంగ్లీషు మాటను ఏమని చదవాలి? పిండం అంటే ఏమవుతుందో చూశాను. భ్రూణం అంటే ఏమవుతుందో చూశాను. నారు అంటే ఏం అనిపించుకున్నానో చూశాను. నేను ఏ మాట వాడితే ఆ మాటే వాళ్ల చేత సంతకం పెట్టిస్తుంది. సర్వేలో తప్పు పోతే మళ్లీ వెళ్లి అడగవచ్చు. ఇక్కడ మళ్లీ అన్నది లేదు.

కోటి చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా. అంజమ్మ నాకు టీ ఇచ్చి, స్తంభానికి ఆనుకుంది. శ్రీలక్ష్మి ఫారం నా చేతికిచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. పాప నా ట్యాబ్ తీసుకుని అద్దం మీద బొమ్మలు గీయబోయింది.

నేను ఆ మాట దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మింగేశాను. "మీ పేరు మీద దాచి ఉంచినవి... వాటిని ఇంకా దాచమంటే ఒకటో గడి. వదిలేయమంటే రెండో గడి. పరిశోధనకు ఇస్తామంటే మూడో గడి."

"ఎన్ని అని రాశారు బాబాయ్?" అంది శ్రీలక్ష్మి.

"త్రీ అని ఉందమ్మా."

"అంటే మూడా, ముగ్గురా?"

నేను కాగితం దించేశాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రశ్నలు తయారుచేసేవాళ్లతో తిరిగాను. ఇంత చిన్న ప్రశ్న, ఇంత మంచి ప్రశ్న ఎవరూ తయారుచేయలేదు. ఆ ఇంట్లో మొదటిరోజు నుంచీ కోటి 'ఉన్నయ్' అంటున్నాడు, అంజమ్మ 'ఉన్నారు' అంటోంది. నా చెవుల్లో పడింది కానీ బుర్రకెక్కలేదు.

"ఇంగ్లీషులో తేడా ఉండదమ్మా. మేకలైనా మనుషులైనా త్రీయే" అన్నాను.

"అట్టయితే వాళ్లకు ఫారం రాయడం సులువే" అంది.

"మూడు" అన్నాడు కోటి, ఎవరూ అడగకముందే. "మూడు. ఉన్నమాట చెప్తన్నా. కళ్లక్కూడా కనపడవంట."

"ముగ్గురు" అంది అంజమ్మ. "నాకెందుకు కనపడరూ?"

"నువ్వు చెప్పమ్మాయ్" అన్నాను శ్రీలక్ష్మితో. ఈసారి లెక్కపెట్టలేదు. ఎంతసేపైనా కూర్చుందామనుకున్నాను. బస్సు పోతే పోయింది.

చాలాసేపటికి మాట్లాడింది. "పొద్దున మూడనిపిస్తది, సాయంత్రానికి ముగ్గురనిపిస్తది. ఈ నెలంతా అదే. నిన్న తేల్చుకున్నా. ముగ్గురే."

అంజమ్మ ముఖం వెలిగిపోయింది. "చెప్పలా? ఒకటో గడి!"

"కాదత్తా. మూడోది."

కోటి తల ఎత్తాడు. నేనూ ఎత్తాను. మా ట్యాబ్‌లో ఏడో ప్రశ్నకు, అంటే ప్రాణం ఉంటుందా అన్నదానికి, అవునన్నవాళ్లు పరిశోధనకు కాదనాలి, అలా అయితేనే అది లోపలికి తీసుకుంటుంది. ప్రపంచమంతా అలాగే నడుస్తుందని నేనూ నమ్మాను.

"మూడే అనుకుంటే ఏముంది బాబాయ్? రాత్రి మిగిలిన కూర పారబోసినట్టు వదిలేయమనేదాన్ని. ముగ్గురు గనకే ఊరికే పోనీయలేకపోతన్నా. కననూ లేను, చలిలో ఉంచనూ లేను. మా అమ్మ ఎట్టా పోయిందో ఈళ్లకు తెలుసు. చేతులు వణికీ వణికీ, మంచినీళ్ల గ్లాసు నోటికాడికి పోయేది కాదు. అట్టాంటోళ్లకు పనికొచ్చే మందు కోసమన్నా అయితే, ముగ్గురూ లోకంలో ఒక పని చేసిపోయినట్టుంటది."

నా బాధ్యతగా ఒక మాట చెప్పాలి. చెప్పాను. "పరిశోధన అంటే మందు వచ్చినట్టు కాదమ్మా. ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. అసలు రాకపోవచ్చు."

"ఆయన పాలిష్ పట్టే రాళ్లు సగం పగిలిపోతయ్. పనికి పోవడం మానుకున్నాడా?"

కోటి నేల చూపులు చూశాడు. అంజమ్మకు మాత్రం ఇంకా తేలలేదు. "ఏం చేస్తారంట ఆడ వాళ్లని?"

"రీసెర్చి" అన్నాను. ఆ మాట ఫారంలో ఉన్నదే.

"రీసెర్చి అంటే పెద్ద చదువేగా? ఆ మేస్త్రి కొడుకు హైదరాబాదులో చేస్తన్నానంటాడు, అదే గదా?"

కోటి నోరు తెరిచాడు. శ్రీలక్ష్మి అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "అదే అత్తా. పెద్ద చదువే."

అంజమ్మ కోడలి ముఖంలోకి చూసింది, చాలాసేపు. ఆమెకు నిజంగా తెలియదనుకున్నానా అంటే, ఇప్పటికీ నాకు తెలియదు. కళ్లు తుడుచుకుని, "సరే, పోనీయండి. మన ఇంట్లో పదో తరగతి దాటినోళ్లు లేరు" అంది.

శ్రీలక్ష్మి మూడో గడిలో గుర్తు పెట్టి సంతకం చేసింది. కలం కోటికి ఇచ్చింది. అతను ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాబాయ్, ముగ్గురికీ కలిపి ఒకటే సంతకం చాలా?" అన్నాడు.

చాలని తలూపాను. అతను సంతకం చేసి, కలం కింద పెట్టి, రాళ్లు చూసుకోవాలని లేచి బయటికి పోయాడు. ఆదివారం యూనిట్‌కు సెలవు.

ఎర్ర గీత

పాప దగ్గర నుంచి ట్యాబ్ తీసుకుని శ్రీలక్ష్మి జవాబులు ఎక్కించాను. మొదటిరోజు నొక్కిన తొమ్మిది చెరిపేశాను. ప్రాణం ఉంటుందా, అవును. పరిశోధనకు ఇవ్వవచ్చా, అవును. తెర మీద ఎర్ర గీత వచ్చింది. 'ఈ జవాబులు పొసగవు. సరిచూడండి.' అక్కడినుంచే వినయ్ గారికి ఫోన్ చేశాను.

"రెండిట్లో ఒకటి మార్చండి. లేదా తొమ్మిది పెట్టేయండి" అన్నారు.

"మార్చను సార్. ఆమెకు తెలుసు. బాగా తెలుసు. మీ మిషన్‌కే తెలియదు."

ఆయన అడిగారు, "ఇలాంటి జవాబులు ఇంకా ఉంటాయంటారా?"

"ఎంతమంది పేరు మీద తొమ్మిది నొక్కామో అంతమంది దగ్గరా ఉండొచ్చు" అన్నాను. నా ఉద్యోగంలో బాసుకు ఎదురు చెప్పింది అదొక్కసారే, అదీ రిటైరు కావడానికి నెల ముందు. ధైర్యం అని చెప్పుకోవడానికి వీల్లేదు. ఆయన ఎర్ర గీత తీయించారు, ఆ మేరకు మంచిమనిషే.

నేను చెప్పులు వేసుకుంటుంటే ప్రహరీ గోడ అవతల నుంచి పక్కింటామె అడిగింది, "ఏందే అంజమ్మా, సర్వే ఆయన ఇంతసేపు ఉన్నాడు? పొలం కొలుస్తారంటనా?"

"పొలం లేదు, గిలం లేదు" అంది అంజమ్మ, బజారంతా వినపడేలా. "మా పిల్లోళ్లు ముగ్గురూ రీసెర్చికి పోతన్నారు."

జవాబిచ్చినవాళ్లను సరిదిద్దకూడదని మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఉద్యోగమంతా ఆ నియమాన్ని అర్థం తెలియకుండానే పాటించాను. ఆ రోజు తెలిసే పాటించి బస్సెక్కాను.